ధ్యాసదీపం

2074 నాటికి ఎండలు ముదిరి, పెన్నొడ్డు జిల్లాలో సర్కారు భవనాలన్నీ కిటికీల్లేకుండా కట్టేశారు. లోపల దీపం వెలిగితేనే పట్టపగలైనా మనిషికి మనిషి కనపడేది. నీటి వాటాల ఆఫీసులో ఆ ఉదయం ఎప్పటిలాగే ఉద్యోగులు సగం చీకట్లో కూర్చుని ఆవలిస్తున్నారు. గుమ్మంలో నిలబడి ఆ చీకటిని చూసి డాక్టర్ నాంచారి మురిసిపోయింది. ఆ చీకటి ఆమె కనిపెట్టిందే.

అంతకు ముందు ఆ ఆఫీసుల్లో కదలిక ఉంటేనే వెలిగే ఎల్ఈడీలు ఉండేవి. కరెంటు ఆదా అవుతుందని సర్కారు వాటిని ఊరేగింపు తీసినంత ఆర్భాటంగా పెట్టించింది. సర్కారు ఉద్యోగికి బుర్ర పనిచేయదని అనేవాళ్ళు అప్పుడొచ్చి చూడాల్సింది. టేబుల్ ఫ్యానుకు తువ్వాలు కట్టి తిప్పి, అందరూ టీకి పోయేవాళ్ళు. తువ్వాలు రెపరెపలాడినంతసేపూ ఖాళీ కుర్చీల మీద దీపాలు దివ్యంగా వెలిగేవి. తువ్వాలుకు జీతమొక్కటే తక్కువ.

నాంచారికి ఒళ్ళు మండింది. ఏళ్ళ తరబడి ల్యాబులో కూర్చుని ధ్యాసదీపం తయారుచేసింది. దీనికి కదలికతో పని లేదు. కాగితం చూస్తున్న కంటిపాప ఎంత విచ్చుకుంది, రెప్ప ఎంతసేపటికి పడుతోంది, ఊపిరి ఎలా నడుస్తోంది అన్నవి ఇన్‌ఫ్రారెడ్ సెన్సరుతో పసిగట్టి, ముందున్న పని మీద మనసున్న చోటే వెలుగుతుంది. ధ్యాస ముదిరేకొద్దీ వెలుగు పెరుగుతుంది. మనసు ప్లాట్ల బేరం మీదకు మళ్ళిందా, ఆరిపోతుంది.

"చీకటికి భయపడైనా పని చేస్తారు" అని ఆమె సభలో అంటే మంత్రులు కూడా చప్పట్లు కొట్టారు. తమ ఇళ్ళలో పెట్టమని మాత్రం ఎవరూ అడగలేదు. ఇక్కడ పెట్టి చూస్తే కరెంటు ఖర్చు పదోవంతుకు పడిపోయింది. రాష్ట్రంలో ప్రతి ఆఫీసులోనూ పెట్టాలన్న ఉత్తర్వు ఆ సాయంత్రం వెలువడబోతోంది. దాన్ని ఆపాలంటే కనిపెట్టిన మనిషి, ఆఫీసు పెద్ద ఇద్దరూ కలిసి సంతకం పెట్టాలి. ఆపే ఉద్దేశం ఆమెకెక్కడిది? తన ఘనతను ఒకసారి కళ్ళారా చూసుకుని పోదామని వచ్చిందంతే.

ఆఫీసు పెద్ద, సూపరింటెండెంట్ సుంకన్న టేబుల్ మీద దీపం భగ్గుమంటోంది. నాంచారి సంబరంగా దగ్గరకు వెళ్ళింది. సుంకన్న పేకముక్కలు పేర్చుకుంటున్నాడు. పక్క కుర్చీలో, చిన్న దిండు వేసుకుని, ఒక ముసలాయన ఫైలు మీద గుచ్చిన చూపు తీయకుండా కూర్చున్నాడు.

దీపాలన్నిటినీ నడిపే యంత్రానికి ఆమె ముద్దుగా వత్తి అని పేరు పెట్టుకుంది. "వత్తీ, ఇక్కడెందుకు వెలుగుతున్నావు?"

"ఇక్కడ ధ్యాస ఉంది" అంది పైనుంచి యంత్రం.

"ఈయన పేకాడుతున్నాడు! ఎవరి ధ్యాస?"

"ధ్యాస ఉందా లేదా చూడమన్నారు. ఎవరిదో చూడమనలేదు."

దీపం తయారుచేసేటప్పుడు నాంచారి, ఆఫీసులో పని మీద మనసు పెట్టేవాడు ఉద్యోగే అయ్యుంటాడనుకుంది. అంత చదువు చదివి, ఆఫీసంటే ఏమిటో తెలుసుకోలేకపోయింది.

"ఈయప్ప బాలగురవయ్య మేడమ్" అన్నాడు సుంకన్న, ఇంట్లో పాడిగేదెను చూపించినట్టు. "కొర్రచేను ఎండిపోతాంది. నీటి వాటా కోసం తిరగతాండాడు. కన్ను కాయితం మీంచి తియ్యడు. ఫస్టు క్లాసు వెలుగు!"

"పని చేసి పంపించొచ్చు కదండీ!"

"పంపిస్తే యెట్ల మేడమ్? నా టేబులు చీకటి పడదా? అంత అవసరం లేనోళ్ళ పని ఆ పొద్దే చేసి పంపిస్తాండాం. వాళ్ళతో వెలుగు రాదు. మేడ మీద పింఛన్ల సెక్షనోళ్ళది అదృష్టం! మొగుడు పోయినామె ఒకరొచ్చి కూచుంటే మూడు టేబుళ్ళు ఎలగతాయి."

వెనక చీకట్లోంచి ఒక గుమాస్తా గొంతు: "సార్, భోజనాలయ్యేదాకా పెద్దాయన్ను మాకు ఇస్తారా?"

"నిన్న నీకిస్తే నిద్రపుచ్చి పంపినావు. పోరా!"

నాంచారి బ్యాగులోంచి ఒక తెల్లకాగితం లాగింది. "ఈ దీపాలు ఇంకెక్కడా పెట్టకూడదు. ఇక్కడివీ పీకించేస్తాను. సాయంత్రం లోపల మీరు సంతకం పెట్టాలి" అంటూ అక్కడికక్కడే నాలుగు ముక్కలు రాసి టేబుల్ మీద పెట్టింది.

"పెడదాం, దానికేముంది? కూచోండి మేడమ్."

ఆమె కూర్చుంది. చూపు ఆ కాగితం మీదే ఉండిపోయింది. తలమీద దీపం ఒక్కసారి గప్పున పెరిగి గోడల దాకా పాకింది. ఆవలింతలు ఆగిపోయాయి. చీకట్లోంచి ఒక్కొక్కరే కుర్చీలు దగ్గరకు ఈడ్చుకున్నారు. ఒకామె అల్లిక బయటకు తీసింది.

సుంకన్న కళ్ళు చికిలించి పైకి చూసి, తృప్తిగా నవ్వాడు. బాలగురవయ్య ముందున్న ఫైలు లాగి ఒక్క గీతలో సంతకం గీకేశాడు. "పో పెద్దాయనా, నీ పని అయిపోయింది. ఇంక నువ్వు అక్కర్లేదు."

బాలగురవయ్య కాగితాన్ని కళ్ళకద్దుకుని లేచాడు. రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, తన దిండు తెచ్చి నాంచారికి అందించాడు.

"ఏసుకోమ్మా. నడుము పట్టేస్తాది."

"నేను సాయంత్రానికల్లా వెళ్ళిపోవాలండీ" అంది నాంచారి.

"నేనూ అట్లనే వచ్చినా తల్లీ."

ఆమె దిగ్గున లేవబోయింది. కాగితం మీంచి చూపు తప్పింది. దీపం గుడ్డిదైంది. హాలంతా ఒక్కసారిగా ఉస్సూరంది.

"కూచోండి మేడమ్, సంతకం పెడతా కదా" అన్నాడు సుంకన్న పేక కలుపుతూ. "కాయితం వైపే చూస్తాండండి. ముక్కలు కనపడ్డంల్యా."