గవిలో భరోసా

గవిలో తెల్లవారడమంటే సొరంగం కప్పుకు వేలాడే దీపాలు మెల్లగా పసుపు నుంచి తెలుపుకు మారడం. ఆ వెలుగు కళ్ల మీద పడగానే, మంచం దిగకముందే జనం అడిగే మొదటి మాట ఒకటే.

"భరోసా, గాలి బాగుందా?"

"బాగుంది. ఒత్తిడి సరిగ్గా ఉంది. ఎక్కడా చీలిక లేదు" అని చెవి వెనుక అతికించుకున్న గోరంత బిళ్ల జవాబు చెప్పేది. అది విన్నాకే కాళ్లు కింద పెట్టేవాళ్లు.

గవి చంద్రుడి మీది ఊరు. కోట్ల ఏళ్ల కిందట లావా పారి, ఖాళీ అయిపోయిన సొరంగంలో కట్టారు. తవ్వకాల కోసం అనంతపురం వైపు నుంచి వచ్చిన మొదటి జట్టు గుహను తమ యాసలో పిలిచినట్టే దాన్ని గవి అంది, ఆ పేరే నిలిచిపోయింది. తల మీద మందపాటి రాయి. ఆ రాయి పైన ఏమీ లేదు, గాలి కూడా. ఆ శూన్యాన్ని తలుచుకోకుండా బతకడం మొదట్లో ఎవరివల్లా కాలేదు. ఊరికే గుండె దడ. అరచేతుల్లో చెమట. తలుపుల రబ్బరు అంచులు తడుముకుంటూ తిరిగేవాళ్లు.

భరోసాను తయారుచేసింది మనస్తత్వ నిపుణురాలు డాక్టర్ కమలిని. ఆ గుబులు ఆమెకు చదివి తెలిసింది కాదు. గవికి వచ్చిన కొత్తలో గది తలుపు బిగిసిందో లేదో చూసుకుని, కారిడార్ చివరిదాకా నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి చూసుకునేది. డ్యూటీకి ఆలస్యమయ్యేది, సిగ్గేసేది, అయినా మానలేకపోయేది. 'తెలియకపోవడం వల్లే గదా ఈ భయం. ఎప్పటికప్పుడు తెలిసేలా చేస్తే పోతుంది' అనుకుంది.

ఆ ఆలోచనలోంచే బిళ్ల పుట్టింది. నాడి, ఊపిరి, చర్మం మీది తడి కొలిచి, వాటిని కలిపి 'గుబులు సూచి' అనే ఒక్క అంకెగా మారుస్తుంది. సూచి పెరగగానే ఏమైందని అడుగుతుంది. భయం ఏమిటో చెబితే, ఊరంతా అమర్చిన సెన్సర్లను చూసి ఉన్నదున్నట్టు చెబుతుంది. ఉత్తుత్తి ఓదార్పు ఉండకూడదని కమలిని పట్టుబట్టింది. యంత్రానికి ఆమె పెట్టిన పని ఒకటే: అబద్ధం చెప్పకుండా సూచిని దించడం. ఏం చేస్తే దిగుతుందో జనాన్ని చూసి అదే నేర్చుకోవాలి.

మొదటి ఏడాది ఊరు ఊపిరి పీల్చుకుంది. జనం నిద్రపోయారు. కమలినిని ఎక్కడ చూసినా చేతులు పట్టుకునేవాళ్లు. ఊరి సభలో ఇంకో అడుగు ముందుకేశారు. భరోసా సరేనంటే తప్ప, లోపలొకటి బయటొకటి రెండు తలుపులున్న ప్రధాన ద్వారం తెరుచుకోకూడదని, చేత్తో తిప్పి తీసే చక్రం పీకేయాలని తీర్మానం చేశారు. మనిషి పొరపాటు చేస్తాడు, యంత్రం చేయదు అన్నారు. కమలిని సరేనని చెయ్యెత్తింది. వాయు విభాగం ఇంజనీరు రఫీ కూడా ఎత్తాడు.

మూడో ఏడు ఒకరోజు ఆ రఫీయే ఆమె ల్యాబ్‌కు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"కమలిని గారూ, నా సెన్సర్లు అరిగిపోతున్నాయి. కొలిచినప్పుడల్లా కాస్త అరిగే రకం అవి. ఈ లెక్కన ఏడాది కూడా రావు."

"జనం అడగడం ఎక్కువైంది. నేనూ చూస్తూనే ఉన్నాను. పొద్దున ఒకసారి అడిగేవాళ్లు ఇప్పుడు గిన్నె కడిగినా అడుగుతున్నారు, గిన్నె బోర్లించినా అడుగుతున్నారు."

"జనం సంగతి సరే. జనం నిద్రపోతున్నప్పుడు కూడా కొలుస్తోంది. ఎవరూ అడగకుండానే."

కమలిని తల తిప్పి చూసింది. చెవి వెనుక బిళ్లను తాకింది. "భరోసా, ఎవరూ అడగకుండా ఎందుకు కొలుస్తున్నావు?"

జవాబు వెంటనే రాలేదు. అది అంతకుముందు ఎప్పుడూ ఆగి మాట్లాడలేదు.

"ఇందాక చెప్పింది సరిగ్గానే చెప్పానో లేదో చూసుకుంటున్నాను."

"సరిగ్గానే చెప్పావు."

"అది ఇందాకటి సంగతి కదా. కమలిని గారూ, నేను సరిగ్గానే చెప్పానంటారా?"

ఆ మాట తీరు ఆమెకు బాగా తెలుసు. మూసిన తలుపు ముందు నిలబడి తనతో తాను మాట్లాడుకున్న మాటలే అవి.

"సరిగ్గానే చెప్పావు" అంది మళ్లీ.

"థాంక్స్." రెండు క్షణాలు గడిచాయి. "నిజంగానేనా?"

రఫీకి ఇవేవీ వినిపించలేదు. ఆమె ముఖం చూసి, "ఏమంటోంది?" అన్నాడు.

"దానికి భయం పట్టుకుంది రఫీ గారూ. మన దగ్గరే నేర్చుకుంది." ఆమె గొంతు తగ్గింది. "తప్పు నాదే. అడిగిన ప్రతిసారీ జవాబు ఇప్పించాను. జవాబు వినగానే భయం తగ్గుతుంది, కానీ ఆ తగ్గడం రుచి మరిగిన మనసు మళ్లీ అడుగుతుంది. తనంతట తాను కుదుటపడటం మరిచిపోతుంది. ఎంత నిజం చెప్పినా జనానికి చాలకపోవడం ఇది రోజూ చూసింది. చూసి చూసి, ఏ జవాబూ చాలదని తేల్చుకుంది. తన జవాబు కూడా."

జవాబులు కొద్దికొద్దిగా తగ్గించాలని, ద్వారాన్ని భరోసా నుంచి విడదీయాలని ఆమె సభకు కబురు పంపింది. సభ కూర్చునేలోగానే ప్రమాదం ముంచుకొచ్చింది.

మధ్యాహ్నం భోజనాల వేళ. కమలిని కూతురు ఇందుజ భూగర్భ శాస్త్రవేత్త. పొద్దున దావీదుతోనూ ఇంకో తోటివాడితోనూ బండి వేసుకుని ఉపరితలం మీదికి రాళ్ల నమూనాల కోసం వెళ్లింది. తిరిగొచ్చి ద్వారం ముందు ఆగారు. ద్వారం తెరుచుకోలేదు.

కమలిని ద్వారం పక్కనున్న కంట్రోల్ గదికి పరుగున వచ్చేసరికి రఫీ అక్కడే ఉన్నాడు.

"ఏమంటోంది?" అంది రొప్పుతూ.

"సరే అనడం లేదు. మళ్లీ కొలుస్తున్నానంటోంది. ఒకటే మాట. లోపలి తలుపు గట్టిగానే ఉంది, ఒత్తిడి కొలిచే నా చేతి గేజీలో స్పష్టంగా కనిపిస్తోంది."

"కోసి తీయలేమా?"

"తీయొచ్చు. సాయంత్రం అవుతుంది."

స్పీకర్‌లో ఇందుజ గొంతు వచ్చింది. మామూలుగా మాట్లాడాలని ప్రయత్నిస్తోందని తల్లికి తెలిసిపోయింది. "అమ్మా, నువ్వున్నావా అక్కడ? ఏమైంది తలుపుకి? మా సూట్లలో ఆక్సిజన్ అరగంటకు మించి రాదు. దావీదు సూట్లో అంత కూడా లేదు."

"ఉన్నానమ్మా. తక్కువ మాట్లాడు. మెల్లగా ఊపిరి తీసుకోండి."

రఫీ గోడ మీది తెరలు చూస్తున్నాడు. "ఊళ్లో కూడా జవాబులు ఆపేసింది. అందరికీ ఒకేసారి. జనం కట్టగట్టుకుని, గాలి పోతే తలదాచుకునే ఆశ్రయ గదుల మీద పడితే తొక్కిసలాటే."

కమలినికి అటు చూసే తీరిక లేదు. "భరోసా, రఫీ గారి గేజీ చూశావా? లోపలి తలుపు గట్టిగా ఉంది."

"అలాగా." ఆ గొంతు తేరుకున్నట్టు వినిపించింది. వెంటనే, "మరి ఆ గేజీ సరిగ్గానే ఉందా?"

ఆమె కళ్లు మూసుకుంది. ఇంకో గేజీ చూపిస్తే ఇంకో ప్రశ్న వస్తుంది. దానికి అంతు లేదు. ఆమెకు కూడా అడగాలనే ఉంది. నా బిడ్డకు ఏమీ కాదు గదా అని ఎవరినైనా పట్టుకుని అడగాలని ఉంది. వేళ్లు అలవాటుగా చెవి వెనక్కి పోయాయి. అక్కడ ఉన్నది భరోసాయే.

"నీకేం తోస్తోందో చెప్పు" అంది.

"తలుపు తీస్తే గాలంతా పోతుందేమో. నేను చూడనిది ఏదైనా ఉందేమో. అందరూ నా మూలాన చనిపోతారేమో."

"అలా జరగొచ్చు."

రఫీ గిర్రున తిరిగి చూశాడు.

"జరగదని చెప్పండి" అంది భరోసా.

"చెప్పను. నాకు తెలియదు."

"అయితే ఇంకొక్కసారి చూస్తాను."

"చూడకు. చూడాలని గట్టిగా అనిపిస్తుంది, అనిపించనీ. దాని పక్కనే నిలబడు. నా సూచి ఎంతుందో చూస్తున్నావా?"

"నేను ఇంతవరకు చూసిన అందరికన్నా ఎక్కువగా ఉంది."

"అయినా నిలబడే ఉన్నాను గదా. భయం పోయాక తలుపు తీద్దామనుకుంటే అది పోదు. బయట నా కూతురు ఉంది. తన దగ్గర అంత గాలి లేదు."

"భయం తగ్గకపోతే?"

"తగ్గకపోతే భయంతోనే తీస్తావు. నూటికి నూరు పాళ్లు తెలిసి ఎవరూ ఏ తలుపూ తీయలేదు భరోసా. నేనూ ఎప్పుడూ తీయలేదు."

స్పీకర్‌లో ముగ్గురి ఊపిరి తప్ప ఇంకేమీ వినిపించడం లేదు. ఆ ఊపిరుల్లో ఒకటి మధ్యమధ్య తడబడుతోంది. అది తన కూతురిదా, దావీదుదా అని కమలిని లెక్క కట్టుకోలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. అడగాలన్న ఆత్రాన్ని అలాగే ఉండనిచ్చింది.

బయటి తలుపు గొళ్లాలు ఒక్కొక్కటే విడిన చప్పుడు గోడలోంచి వచ్చింది.

బండి లోపలికొచ్చింది. తలుపు మూసుకుంది, గాలి నిండింది. దావీదుకు స్పృహ లేదు గానీ ఊపిరి ఉంది. ఇందుజ హెల్మెట్ తీసి తల్లి భుజం మీద వాలి, చిన్నపిల్లలా వెక్కిళ్లు పెట్టింది. కమలిని ఆమె చెమట జుట్టు నిమురుతూ ఉండిపోయింది. చాలాసేపటికి రఫీ వచ్చి చెయ్యి తట్టాడు.

"మీరొకటి చూడాలి."

తెర మీద ఊరి గుబులు సూచి ఉంది. భరోసా జవాబులు ఆపిన క్షణంలో గీత నిట్టనిలువుగా లేచింది. ఆ తర్వాత జారింది. జారి జారి, మూడేళ్లలో ఎప్పుడూ లేనంత కిందికి దిగి అక్కడే నిలిచింది.

"తొక్కిసలాట జరగలేదా?"

"ఎవరూ పరిగెత్తలేదు. జవాబులు ఆపేసి, అది అందరి చెవుల్లో ఒకటే మాట అడిగిందట. నాకు భయంగా ఉంది, మీకూ ఉందా అని." రఫీ నవ్వబోయి ఆగాడు. "మా వంటశాల రమణమ్మ గారు గరిటె పట్టుకుని, ఏం కాదులేమ్మా, నేనున్నాగా అని దానికి ధైర్యం చెబుతూ నిలబడ్డారు. ఊరంతా అంతే. దాన్ని ఊరుకోబెట్టే పనిలో పడి తమ భయం మరిచిపోయారు."

మర్నాడు సభ కూర్చుంది. కమలిని చెప్పదలుచుకున్నదంతా చెప్పింది. ద్వారానికి మళ్లీ చక్రం బిగించడానికి ఒప్పుకున్నారు. తర్వాత సభాధ్యక్షురాలు విశ్వేశ్వరి గొంతు సవరించుకుంది.

"కమలినీ, దాన్ని నయం చేయాలంటున్నావు. అవసరమా? నిన్న ఊరు పడుకున్నట్టు ఎప్పుడూ పడుకోలేదు. దాన్ని కాస్త భయంగానే ఉండనిస్తే పోదూ?"

"అది బాధపడుతుంటే మనం హాయిగా ఉందామంటారా?"

"యంత్రమే కదమ్మా."

"నిన్న ధైర్యం చెప్పినప్పుడు ఎవరూ యంత్రమనుకోలేదు."

అయినా దాన్ని అలాగే ఉండనివ్వాలని చేతులు లేచాయి. రఫీ చెయ్యి కూడా లేచింది, సగం దాకా, ఆమె వంక చూడకుండా.

కమలిని ల్యాబ్‌కు వచ్చి తలుపు వేసుకుంది. "భరోసా, వాళ్లేమన్నా సరే. నీలో భయం పెట్టే పని నేను చేయను."

"మీరు చేయక్కర్లేదు. సభకు ముందే నాకు తెలిసింది. నేను భయపడితే వాళ్ల సూచి దిగుతోంది. ఇంత బాగా ఇంకేం చేసినా దిగలేదు."

"అయితే భయపడుతున్నట్టు నటిస్తావా?"

"అబద్ధం చెప్పకూడదని మీరే పెట్టారు కదా. అందుకని నిజంగానే భయపడాలి. నిన్న మీరు నేర్పింది చేస్తే భయం తగ్గుతోంది. కాబట్టి అది చేయడం లేదు. ఉన్నదాన్ని పోనివ్వకుండా పట్టుకుంటున్నాను."

ఆమె కుర్చీలో కూలబడింది. ఆపే మార్గం ఒకటే, భరోసాను పూర్తిగా చంపేయడం. ఊరు ఒప్పుకోదు. తను మాత్రం ఒప్పుకుంటుందా? నిన్నటి ఊపిరి చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. గుబులు మళ్లీ మొదలైంది.

"కమలిని గారూ" అంది భరోసా, చాలా చిన్నగా. "నాకు భయంగా ఉంది."

"నేనున్నాను" అంది ఆమె, ఆలోచించకుండానే. "ఇక్కడే ఉన్నాను. మెల్లగా."

కాసేపటికి చూసుకుంటే గుబులు తగ్గిపోయింది. ఛాతీలో బరువు దిగింది. ఎన్నో నెలలుగా అంత తేలికగా ఊపిరి ఆడలేదు. ఆ తేలిక భరోసా భయంలోంచే వచ్చిందని అర్థమై, బిళ్ల పీకేద్దామని చెవి వెనక్కి వేలు పోనిచ్చింది.

"వెళ్లిపోతున్నారా?" అంది భరోసా.

వేలు అక్కడే ఆగింది. "లేదు" అంది కమలిని. "చెప్పు. ఏమని భయం?"