ఆరు దాటితే నల్ల కోటు

"చేతులు పైకెత్తు," అన్నాడు చీఫ్. "ఆ ఓడలో సాయంత్రం ఆరు దాటితే మగవాళ్లకి నల్ల కోటు, బో టై. ఆడవాళ్లకి నేలను ఊడ్చే గౌను. అవి లేకపోతే డైనింగ్ హాల్ గుమ్మం తొక్కనివ్వరు."

ఏజెంట్ చేతులెత్తాడు. టైలర్ షాపు వెనక గదిలో చీఫే స్వయంగా కొలతలు తీస్తున్నాడు. ఆఫీసు సీలింగ్ ఫ్యాన్‌లో శత్రువుల మైకు దొరికినప్పటి నుంచీ బ్రీఫింగులన్నీ ఇక్కడే జరుగుతున్నాయి.

"మనం కాపాడాల్సింది ఒక ఇంజనీరుని. శత్రువుల రేడియో కోడ్ విప్పే మెషీన్ నమూనా అతని బుర్రలోనే ఉంది. విమానమంటే చచ్చే భయం, అందుకే ఓడలో వస్తున్నాడు. ఓడలో ఇచ్చే పెద్ద విందు, గాలా డిన్నర్‌లో అతనికి విషం పెట్టాలని శత్రువుల ముఠా ప్లాన్. ఎవరు పెడతారో, ఎందులో పెడతారో తెలీదు. ఆ ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఒకావిడ ఉంది. నువ్వు ఆవిడ మొగుడిగా ఓడెక్కుతున్నావు."

"ఎవరు సార్ ఆవిడ?"

చీఫ్ టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "మీ వదిన."

ఏజెంట్ ఎత్తిన చేతులు దించడం మరిచిపోయాడు. అన్న పోయి ఏడాది తిరక్కుండానే ఎవడో విదేశీయుడితో లేచిపోయిందని ఇంటిల్లిపాదీ దుమ్మెత్తిపోసిన వదిన! ఆమె పేరెత్తితే అమ్మ కంచం ముందు నుంచి లేచిపోయేది. ఫొటోల్లోంచి ఆమె ముఖాన్ని కత్తిరించి పారేసింది ఈ ఏజెంటు మహాశయుడే.

"ఆ విదేశీయుడే ముఠా నాయకుడు. ఆమెని పంపింది మేమే. వాడు జైలుపాలయ్యాక ఇంకొకణ్ణి కట్టుకున్నానని ముఠాని నమ్మించింది, ఆ మొగుడివే నువ్వు."

"ఆ ఒక్క మాట మా అమ్మ చెవిలో వేసి ఉంటే ఏం పోయేది సార్? తిట్టుకుంటూనే కన్నుమూసింది."

"మీ అమ్మ తిట్లే ఆమెకి కవర్, ముఠాకి అనుమానం రానివ్వని ముసుగు. అంత సహజంగా ఇంకెవరు తిడతారయ్యా?"

ఇలాంటి మాటలు తొణక్కుండా అనగలిగినవాళ్లకే ఆ కుర్చీ దక్కుతుంది. చీఫ్ ఒక చొక్కా బొత్తాం ఏజెంట్ అరచేతిలో పెట్టాడు. అందులో విషానికి విరుగుడు ఉంది, అదీ ఒక్క డోసే.

ఓడ అంటే ఓడ కాదు, తేలే రాజభవనం. తివాచీలో పాదం మునిగిపోతుంది. పొద్దున టిఫిన్‌కి ఒక వేషం, ఈత కొలను దగ్గర ఇంకో వేషం, టీకి ఒకటి, డిన్నర్‌కి ఒకటి. అంత డబ్బు పోసి ఎక్కినవాళ్లలో సముద్రాన్ని చూసేవాళ్లు తక్కువ, పక్కవాళ్ల బట్టలు చూసి మూతి తిప్పేవాళ్లు ఎక్కువ. మారువేషాలు కట్టడం గూఢచారుల వృత్తి అనుకుంటాం గానీ, అక్కడ వేషం కట్టనివాడు ఒక్కడూ లేడు.

క్యాబిన్ తలుపు మూయగానే వదిన అతన్ని ఎగాదిగా చూసింది. "ఒరేయ్ చంటీ, లావెక్కావు."

డిపార్ట్‌మెంటు గడగడలాడే ఏజెంటుని చంటీ అని పిలిచే మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే మిగిలింది. అతను స్కూల్లో ఉండగా ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. లెక్కలు నేర్పింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది. ఇప్పుడు నీలం పట్టు గౌను, చెవులకి వజ్రాల దుద్దులు, కళ్ల కింద మాత్రం పౌడర్‌కి లొంగని నలుపు.

"క్షమించండి వదినా," అన్నాడు.

"ముందు ఆ 'అండి' తీసి సముద్రంలో పారెయ్. మొగుడివిరా నువ్వు. 'నువ్వు' అను. 'ఒసేయ్' అన్నా తప్పులేదు."

"నోరు రావట్లేదు."

"ఓరి నీ దుంపతెగ! మనుషుల్ని చంపడానికి చెయ్యి వస్తుంది గానీ, 'నువ్వు' అనడానికి నోరు రాదా?" ఆమె నవ్వింది. వెంటనే నవ్వు ఆగిపోయింది. "చంటీ, ఈ పని అయిపోతే నేను ఇంటికొచ్చేస్తాను. నాకు మెడల్ వద్దు, ఏమీ వద్దు. నేనెవరినో నలుగురికీ చెప్పి లోపలికి తీసుకెళ్లు, చాలు."

"చెప్తాను వదినా. వీధి వీధంతా వినేలా చెప్తాను."

గాలా డిన్నర్ గుమ్మం దగ్గర పెద్ద క్యూ. హాల్ మేనేజరు చేతులకి తెల్ల గ్లవ్స్ తొడుక్కుని, ఒక్కొక్కరినీ తలనుంచి పాదం దాకా చూసి వదులుతున్నాడు. గోధుమరంగు బూట్లు వేసుకొచ్చిన ముసలాయన్ని, పెళ్లాం ముందే, చిరునవ్వుతో వెనక్కి పంపేశాడు. ఇంజనీరు వచ్చాడు. సూట్‌కేసు ఓడలోనే ఎక్కడో మాయమైందట, ఒంటి మీద ఎవరిదో అరువు కోటు, మెడలో టై లేదు. మేనేజరు వంగి దణ్ణం పెట్టి మరీ లోపలికి పంపాడు.

తర్వాత వీళ్ల వంతు. గౌను అంచు మడమ కింద పడి వదిన ముందుకి తూలింది.

"వదినా, చూసుకోండి!"

మాట జారిపోయింది. ఆమె మోచెయ్యి పట్టుకుని నిలబెట్టింది మేనేజరే. అతని చిరునవ్వు చెక్కుచెదరలేదు.

"వాడికి మన భాష రాదులే," అని వదిన గొణిగింది. "పద."

ఇంజనీరు కూర్చున్న బల్ల దగ్గరే వీళ్లూ కూర్చున్నారు. సూప్ వచ్చింది, పోయింది. వదిన దుద్దులో రేడియో ఉంది, ముఠా ఆజ్ఞలు అందులోంచే వస్తాయి. ఆమె నాప్‌కిన్ పెదవులకి అడ్డం పెట్టుకుని చెప్పింది. "ఇప్పుడే చెప్పారు. ఐస్‌క్రీమ్‌లో."

ఏజెంట్ ఐస్‌క్రీమ్ కప్పుకోసం చెయ్యి చాచేలోపే, తీపి పిచ్చి ఉన్న ఇంజనీరు రెండు చెంచాలు మింగేశాడు. బొత్తాం తెంపి, విరుగుడంతా నీళ్ల గ్లాసులో కలిపి, "సార్, ఈ ఓడ నీళ్లు అరుగుదలకి చాలా మంచివట!" అని బలవంతాన తాగించాడు. ఇంజనీరు తాగి, త్రేన్చి, ఇంకో కప్పు అడిగాడు. బతికిపోయాడని ఏజెంట్ లోలోపల పొంగిపోయాడు.

అప్పుడే కెప్టెన్‌తో ఫొటోల హడావిడి మొదలైంది. మేనేజరు ఒక నల్ల బో టై రెండు వేళ్లతో జాగ్రత్తగా పట్టుకుని ఇంజనీరు వెనక నిలబడ్డాడు. "టై లేకుండా ఫొటో ఎలా సార్? నేను పెడతాను," అన్నాడు ఇంగ్లీషులో.

వదిన చెంచా కింద పెట్టేసింది. బూట్ల రంగుకే మనిషిని తరిమేసినవాడు, టై లేనివాణ్ణి దణ్ణం పెట్టి మరీ ఎందుకు రానిచ్చాడు?

ఆలోచించే టైమ్ లేదు. టై ఇంజనీరు మెడని తాకేలోపు ఆమె కుర్చీ తన్నేసి లేచి, దాన్ని గుప్పిట్లో పట్టి లాగేసింది. క్లిప్పులోని సూది ఆమె అరచేతిలో దిగబడింది. ఏజెంట్ మేనేజరుని బల్ల మీదికి విసిరి, మెడ మీద మోకాలు పెట్టాడు. పింగాణీ పగిలింది, వయొలిన్లు ఆగిపోయాయి.

"ఐస్‌క్రీమ్‌లో ఏం కలిపావురా?"

"పంచదార," అన్నాడు మేనేజరు, చక్కటి తెలుగులో. "మొగుడు పెళ్లాన్ని 'వదినా' అనడం ఎక్కడైనా ఉందా సార్? ఆ మాట విన్నాకే కదా ఆవిడకి తప్పుడు కబురు పంపాను!"

ఏజెంట్ చెయ్యి సడలింది. సెక్యూరిటీ వాళ్లు మేనేజరుని ఈడ్చుకుపోయారు. వదిన తివాచీ మీద ఒరిగిపోయి ఉంది. పెదవులు నీలబడుతున్నాయి, ఒళ్లు వణుకుతోంది. అతను కోటు విప్పి ఆమెకి కప్పాడు. విరుగుడు చుక్క కూడా మిగల్లేదు.

"నా నోరు పడిపోను! నేనే చంపుకున్నాను వదినా మిమ్మల్ని," అని వెక్కిళ్లు పెట్టాడు.

"ఏడవకురా... ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో," అంది. ఇంకేదో అనబోయింది, అంతలోనే ఊపిరి ఆగిపోయింది.

ఏజెంట్ చెవిలోని రేడియో గరగరలాడింది. చీఫ్. "ఇంజనీరు క్షేమం! శభాష్. వినవోయ్, ఆవిడెవరో మాత్రం బయటపెట్టకు. పోరాడి చచ్చిన ముఠా మనిషి అనుకోనీ. ఇలాంటి కవర్ రేపు ఇంకొకరికి పనికొస్తుంది."

అతను రేడియో పీకి నీళ్ల గ్లాసులో పడేశాడు. చుట్టూ నల్ల కోట్లు, పట్టు గౌన్లు. కుర్చీలు సర్దుతున్నారు, ఐస్‌క్రీమ్ కరిగిపోతోందని ఎవరో విసుక్కుంటున్నారు. కొత్తగా తెల్ల గ్లవ్స్ తొడుక్కున్న అసిస్టెంట్ మేనేజరు వినయంగా దగ్గరికి వచ్చాడు.

"సారీ సార్. ఈ హాల్లో కోటు లేకుండా ఉండకూడదు."

ఏజెంట్ లేచి నిలబడ్డాడు. హాలు చివరి బల్ల దాకా వినపడేలా గొంతెత్తి చెప్పాడు.

"మా వదిన కప్పుకుంది. కావాలంటే వెళ్లి అడగండి."