బండి మీద వచ్చినవాళ్లదే మాట

“కిక్ రాడ్ ఎక్కడుందండీ?”

జయంత్ నోటి నుంచి ఆ మాట రావడమే ఆలస్యం, సుబ్బాయమ్మ టీ కొట్టు దగ్గరున్న వాళ్లంతా గొల్లుమన్నారు. సుబ్బాయమ్మ కూడా పాలగిన్నె వదిలేసి మరీ నవ్వింది.

తప్పంతా జయంత్‌దే. గిలకలదిండి ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఎంత పెద్ద కంప్రెసరునైనా విప్పి బిగించగలనని కాస్త గర్వం. నాలుగు నెలల క్రితం కొన్న కొత్త బుల్లెట్ మీద దర్జాగా వచ్చి దిగి, “ఈ పాత ఇనుముని ఇంకా ఎందుకండీ మోస్తారు? మాదైతే బటన్ నొక్కితే చాలు,” అన్నాడు. బందరులో పాత మోటార్ సైకిళ్ల పిచ్చి ఉన్నవాళ్లంతా ప్రతి ఆదివారం పోగయ్యే చోట అనాల్సిన మాటేనా అది?

“అంత తేలికైతే మా నాన్న యెజ్డీని ఒక్కసారి స్టార్ట్ చేసి చూపించండి,” అంది ఒకమ్మాయి.

పాపం, బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వంగి చూశాడు. కిక్ రాడ్ కనపడలేదు. చివరికి సిగ్గు విడిచి అడిగాడు.

ఆ అమ్మాయి వచ్చి గేర్ రాడ్‌ని లోపలికి నొక్కి, పైకి తిప్పి, ఒక్క తన్ను తన్నింది. బండి డగడగమంటూ లేచింది. రెండు సైలెన్సర్లలోంచి వచ్చిన నీలం పొగ తిన్నగా జయంత్ ముఖానికే తగిలింది.

“గేర్ రాడ్డే కిక్ రాడ్డండీ. ముద్దాయి ఇంకేమైనా చెప్పుకుంటాడా?”

“నేరం ఒప్పుకుంటున్నానండీ,” అన్నాడు జయంత్ దగ్గుతూ.

ఆమె పేరు సుచిత్ర. జిల్లా కోర్టులో జూనియర్ లాయరు. ఆ యెజ్డీ ఆమె తండ్రి మత్తయి గారిది. ముప్ఫై ఏళ్లు ఆర్టీసీ బస్సు తోలి రిటైరైన మనిషి. జయంత్ ఆ రోజే నిశ్చయించుకున్నాడు, ఇక ప్రతి ఆదివారం ఇక్కడే టీ తాగాలని.

ఆ కొట్టు దగ్గర ఒక కట్టుబాటు ఉంది. పెట్టింది మత్తయి గారే. టీ గ్లాసులు చేతికొచ్చాయంటే సభ మొదలైనట్టు. ఆ పైన, ఆ రోజు బండి తోలుకుంటూ వచ్చినవాళ్లకే మాట్లాడే హక్కు. బండి అమ్ముకున్నవాళ్లు, మూలన పడేసుకున్నవాళ్లు, వెనక కూర్చుని వచ్చినవాళ్లు వినాలి తప్ప నోరు మెదపకూడదు. సుచిత్ర తండ్రి వెనక కూర్చుని వస్తుంది కాబట్టి తన వాదనలన్నీ టీ రాకముందే ముగిస్తుంది.

నందివాడ నుంచి రాజ్‌దూత్ మీద వచ్చే రైతు బాలస్వామి కబుర్లకి అక్కడ మంచి గిరాకీ.

“పెళ్లయిన మూడో రోజున మా ఆవిణ్ణి, ఇద్దరు మరదళ్లని, అత్తగారిచ్చిన మేకపిల్లని ఒకే ట్రిప్పులో గుడివాడ తెచ్చానండీ. దారంతా కిక్కురుమనలేదు.”

“ఎవరు, రాజ్‌దూతా?”

“కాదండీ, మా మరదళ్లు. మేక మాత్రం గోల పెట్టింది.”

మత్తయి గారి వంతు వచ్చేసరికి అందరూ బెంచీలు దగ్గరికి జరుపుకునేవాళ్లు.

“ఎనభై ఆరులో కొన్నాను దీన్ని. మధ్యలో ఒక ఫోర్ స్ట్రోక్ బండి కూడా కొన్నాన్లే. మైలేజీ బ్రహ్మాండం. ఆరు నెల్లకే అమ్మేశాను.”

“ఎందుకండీ మావయ్యగారూ?” అడిగాడు జయంత్. అక్కడ కుర్రాళ్లంతా ఆయన్ని బాబాయ్ అంటారు. జయంత్ ఒక్కడే మొదటి రోజు నుంచీ మావయ్యగారూ అంటున్నాడు. ఈ సంగతి సుచిత్ర కనిపెట్టింది కానీ, సభలో నోరు మెదపడానికి లేదు కదా.

“చప్పుడు చెయ్యదయ్యా అది! నేను వస్తున్నట్టు మా మార్తమ్మకి తెలిసేది కాదు. యెజ్డీ అయితే సందు మొదట్లో వినపడగానే కంచం పెట్టేది. నేను కాళ్లు కడుక్కునేసరికి అన్నం వేడివేడిగా ఉండేది.”

ఇలా రెండు నెలలు గడిచాయి. జయంత్ ఎజెండా మత్తయి గారికి అర్థమైందో లేదో తెలియదు కానీ, సుచిత్రకి మాత్రం బాగానే అర్థమైంది. టీ రాకముందు ఇద్దరి వాదనలు వారంవారం పెరిగాయి.

ఒక శుక్రవారం కుండపోత వాన. సుచిత్ర కేసు పని మీద అవనిగడ్డ కోర్టుకి వెళ్లింది. బస్సులు సరిగా లేవు. మత్తయి గారు కాలు బెణికి మంచం మీదున్నారు. పరామర్శకి వెళ్లిన జయంత్ అవకాశం వదులుకుంటాడా?

“నేను తీసుకొస్తానండీ మావయ్యగారూ. మీ యెజ్డీ మీద.”

మత్తయి గారు దిండు కింద నుంచి తాళం తీసి అతని చేతిలో పెట్టారు. ఆ బండి తాళం పరాయివాళ్ల చేతికి ఇవ్వడం అదే మొదటిసారి.

“జాగ్రత్త బాబూ. ట్యాంకులో తక్కువుంది, పెట్రోలు పోయించుకో.”

అంతే చెప్పారు. ఉప్పు వెయ్యమని వంటమనిషికి ఎవరూ చెప్పరు కదా, అలాగే మిగతాది చెప్పాలని ఆయనకి తోచలేదు. జయంత్ బండి కింద మూత తీసి ఆయిల్ చూశాడు. నిండుగా ఉంది. చల్లపల్లిలో పెట్రోలు ఫుల్ ట్యాంకు కొట్టించి, హీరోలా అవనిగడ్డ చేరాడు.

కోర్టు మెట్ల మీద తడిసి ముద్దయిన సుచిత్ర యెజ్డీని చూసి ఆశ్చర్యపోయింది.

“నాన్న ఇచ్చాడా? మీకా?”

“మరేమనుకున్నారు? ఎక్కండి మేడమ్.”

వాన కాస్త తెరిపిచ్చింది. ఆమె చేయి అతని భుజం మీద ఉంది. జయంత్ ఆ సమయంలో నేల మీద లేడు. పులిగడ్డ వంతెన దాటుతుండగా ఇంజన్ ఒక్కసారి కీచుమని అరిచింది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి పక్కకి ఈడ్చింది.

“క్లచ్! క్లచ్ పట్టండి!”

పట్టాడు. బండి ఊగుతూ రోడ్డు పక్కన ఆగింది. సుచిత్ర దిగి ట్యాంకు మూత తీసి వాసన చూసింది.

“పెట్రోల్లో ఆయిల్ కలపలేదా?”

“ఆయిల్ నిండుగానే ఉందండీ. చూసుకునే బయల్దేరాను!”

“అది గేర్ బాక్సు ఆయిలండీ! ఇది టూ స్ట్రోక్. ప్రతిసారీ పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి. లేకపోతే పిస్టన్ ఎండి పట్టేస్తుంది.” ఆమె కిక్ రాడ్ తొక్కి చూసింది. అది కదల్లేదు. “పట్టేసింది కూడా.”

బండిని ట్రక్ ఆటోలో వేసుకుని బందరు చేరేదాకా ఆమె దాని హ్యాండిల్ పట్టుకునే కూర్చుంది. మత్తయి గారు కుంటుకుంటూ వచ్చి బండిని తడిమి చూశారు. “పోన్లే బాబూ. నాదే తప్పు, చెప్పలేదు,” అన్నారు. తిట్టినా బాగుండేది. జయంత్ ఆ రాత్రి అన్నం తినలేదు.

కాలు నయమయ్యాక మత్తయి గారు ఆటోలో సభకి వచ్చారు. టీ గ్లాసు పట్టుకుని మౌనంగా కూర్చున్నారు.

“మీకు మినహాయింపండీ,” అన్నాడు బాలస్వామి.

ఆయన తల అడ్డంగా ఊపారు. ఎందరినో నోరు మూయించిన కట్టుబాటు అది. తన దాకా వచ్చేసరికి మారిస్తే ఎలా? ఆ తర్వాతి ఆదివారం ఆయన రానేలేదు.

జయంత్ కోర్టు ఆవరణలో సుచిత్రని కలిశాడు.

“మావయ్యగారు ఎలా ఉన్నారండీ?”

“ఎక్కడికైనా నడిచే వెళ్తున్నాడు. ఎప్పుడొస్తాడో అమ్మకి తెలియట్లేదు. రోజూ అన్నం చల్లారిపోతోంది.” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది జయంత్ గారూ.”

అదే రోజు సాయంత్రం జయంత్ బాలస్వామికి ఫోన్ చేశాడు. బాలస్వామి గుడివాడలో విల్సన్ అనే పాత మెకానిక్ పేరు చెప్పాడు. మత్తయి గారిని ఒప్పించి జయంత్ బండిని అక్కడికి చేర్చాడు. విల్సన్ ఇంజన్ విప్పి, గీతలు పడ్డ సిలిండర్‌ని చూసి పెదవి విరిచాడు.

“సిలిండర్‌ని లోపల చెక్కించి బోరు పెంచాలి. దానికి తగ్గ పిస్టన్ దొరకడమే కష్టం. అది మీరు తెస్తే, మిగతాది నేను చూస్తాను.”

“తెస్తానండీ. కానీ బిగించేది నేనే. మీరు పక్కనుండి చెప్పండి.”

విజయవాడ ఆటోనగర్‌లో కాళ్లరిగేలా తిరిగి పిస్టన్ పట్టుకున్నాడు. సెలవు దొరికిన ప్రతి రోజూ గుడివాడలోనే. మూడో వారం షెడ్డు ముందు సుచిత్ర బస్సు దిగింది.

“తనిఖీకి వచ్చాను. మళ్లీ ఏం పాడు చేస్తున్నారో చూద్దామని.”

అతని చేతుల నిండా గ్రీజు, వేళ్లకి కట్లు. కింద గుడ్డ మీద ప్రతి నట్టూ వరసగా పేర్చి ఉంది. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత చున్నీ నడుముకి బిగించి, “సిలిండర్ నేను పట్టుకుంటాను, కానివ్వండి,” అంది.

“కోపం పోయిందా అండీ?”

“శిక్ష పూర్తయ్యాక చెప్తాను.”

ఆరో ఆదివారం పొద్దున బండి లేచింది. విల్సన్ ఒకటే మాట గట్టిగా చెప్పాడు: కొత్త పిస్టన్ కాబట్టి వేగం నలభై దాటకూడదు. సుచిత్ర తాళం లాక్కుంది.

“మీ చేతికివ్వను. వెనక కూర్చోండి.”

పెట్రోల్లో ఆయిల్ తనే కొలిచి కలిపింది. జయంత్ తన బుల్లెట్‌ని విల్సన్ షెడ్డులో వదిలి బుద్ధిగా వెనక ఎక్కాడు. గుడ్లవల్లేరు, కవుతరం, పెడన. సన్నగా తుంపర. రెండు పక్కలా పచ్చటి వరి. నలభై స్పీడు పెట్టినవాళ్లకి జయంత్ మనసులో దండం పెట్టుకున్నాడు. పెడన దగ్గర ధైర్యం కూడగట్టుకున్నాడు.

“సుచిత్ర గారూ, నాకు మీరంటే...”

“ఇప్పుడు కాదండీ. ఇంజన్ చప్పుడు వింటున్నాను.”

బందరులో బాలస్వామి మత్తయి గారిని బతిమాలి ఆటోలో కొట్టు దగ్గరికి తెచ్చాడు. టీలు వచ్చాయి. ఆయన తల వంచుకుని కూర్చున్నారు. అంతలో దూరంగా ఒక చప్పుడు. మత్తయి గారు చటుక్కున తలెత్తారు. లేచి నిలబడ్డారు. రోడ్డు మలుపులో నీలం పొగ, ముందు కూతురు, వెనక జయంత్. బెంచీల మీదున్న వాళ్లంతా లేచి చప్పట్లు కొట్టారు. సుబ్బాయమ్మ గరిటె పైకెత్తి ఈల వేసింది.

సుచిత్ర దిగి తాళం తండ్రి చేతిలో పెట్టింది. ఆయన బండెక్కి కోనేరు సెంటర్ దాకా ఒక చుట్టు చుట్టి వచ్చారు. చెంపలు తడిసి ఉన్నాయి. అది తుంపర అని ఎవరూ అనుకోలేదు.

“ఇప్పుడు నాకు మాట వచ్చింది,” అన్నారు జయంత్ వైపు తిరిగి. “ఆరు వారాలు కష్టపడి నా బండిని బతికించావు. ఇంతకంటే గొప్ప కబురు నా దగ్గర లేదు. ఏం కావాలో అడుగు బాబూ.”

జయంత్ నోరు తెరిచాడు.

“ఆగండాగండి!” అన్నాడు బాలస్వామి. “వెనక కూర్చుని వచ్చాడు. మాట్లాడే హక్కు లేదు.”

“నాకుంది,” అంది సుచిత్ర. సభలో ఆమె గొంతు వినపడటం అదే మొదటిసారి. “గుడివాడ నుంచి తోలుకుంటూ వచ్చింది నేను. నాన్నా, ఈయన ఏం అడుగుతాడో నాకు తెలుసు. నాకిష్టమే. నేను ఈయన్నే పెళ్లి చేసుకుంటాను.”

మత్తయి గారు కూతుర్ని చూశారు. జయంత్ వేళ్ల మీది కట్లు చూశారు. తర్వాత మనసారా నవ్వారు.

“నాకూ ఇష్టమేనమ్మా. ఏం బాబూ, మరి నీ మాట?”

జయంత్ బాలస్వామి వైపు చూశాడు. బాలస్వామి ఖరాఖండిగా వేలు అడ్డంగా ఊపాడు. మత్తయి గారు నవ్వుతూ తాళం విసిరారు.

జయంత్ పరిగెత్తుకెళ్లి బండెక్కాడు. వెళ్తున్నప్పుడు బందరు రోడ్డు మీద జనం ఒక మనిషిని చూశారు, ఒంటరిగా, ఎవరూ లేని గాల్లోకి నవ్వుకుంటూ, పాత యెజ్డీ మీద సరిగ్గా నలభై స్పీడులో పోతున్నవాణ్ణి. కోనేరు సెంటర్ చుట్టి తిరిగొచ్చి, ఇంజన్ ఆపకుండానే, ఆ డగడగల మీద అందరికీ వినపడేలా అరిచాడు.

“నాకిష్టమే మావయ్యగారూ! మొదటి రోజు నుంచీ ఇష్టమే!”