ఇరవై ఏడో నంబరు హాజరు

అబిగయీలుకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. పగలు ఇంట్లో ఎవరూ లేనప్పుడు తనకేదైనా అయితే, సాయంత్రం దాకా ఎవరికీ తెలియదని. పద్నాలుగు నెలల మాథ్యూ పక్కనే కూర్చుని, అమ్మ నిద్రపోతోందనుకుని చెంప మీద తట్టి లేపుతూ ఉంటాడని. ఈ భయం ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు. ఇరవై నాలుగేళ్ల పిల్లవి, రాయిలా ఉన్నావు, నీకేమవుతుంది అంటారు.

ఆ భయంతోనే పగటిపూట వీధి తలుపు గడియ పెట్టడం మానేసింది. వంట చేస్తుండగా తల కాస్త తిరిగినట్టనిపిస్తే చాలు, ముందు స్టవ్ కట్టేసి, పిల్లవాడిని కింద కూర్చోబెట్టి, తను గోడకు ఆనుకుని కూర్చునేది.

వాకాడు దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో, పల్లెకు చివర, సరుగుడు తోపు పక్కన వాళ్ల ఇల్లు. భర్త సుశీల్ కుమార్‌ది రొయ్యల గుంటల దగ్గర మేత వేసే పని. పొద్దున పోతే మళ్లీ దీపాల వేళకే రావడం. అత్త పిచ్చమ్మ చేపల బుట్టతో ఊళ్లు తిరిగి ఏ మూడింటికో వస్తుంది. మధ్యలో ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. ఒకడికి ఇంకా మాటలు రాలేదు. ఇంకొకతెకు మాట్లాడేందుకు మనిషి లేదు.

అందుకే పొద్దున ఏడింటికి ఫోను ‘టింగ్’మంటే ఆమెకు ప్రాణం లేచి వచ్చేది. డిగ్రీ కాలేజీ స్నేహితురాళ్ల గ్రూపు అది. అప్పటి క్లాసు లీడరు ఆనందకుమారి ఇప్పటికీ లీడరే. రోజూ ఏడు కాగానే ‘అటెండెన్స్’ అని పెడుతుంది. ఎవరి రోల్ నంబరు వాళ్లు వేయాలి. ఆమె అందరికీ టిక్కు పెట్టి, ఒక పువ్వు బొమ్మ కూడా పెడుతుంది.

ఈ హాజరు ఊరికే సరదాకు మొదలైంది కాదు. మిషను వాళ్ల ఆ ఆడపిల్లల కాలేజీలో పోయిన ఏడు చేరింది పదకొండు మందే. ఇలాగే ఉంటే మూతపడుతుందని లెక్చరర్ ఇందిరమ్మ మేడం పాత విద్యార్థినులకు ఉత్తరం రాసింది. ఎవరి ఊళ్లో వాళ్లు ఇంటర్ పాసయిన ఆడపిల్లల ఇళ్లకు వెళ్లి, తల్లిదండ్రులకు నచ్చజెప్పి, కాలేజీలో చేర్పించాలని అందరూ అనుకున్నారు. పనిలో ఉన్నామని చెప్పుకోవడానికే ఈ నంబర్లు.

అబిగయీలు ఆ గ్రూపులో నంబరు తప్ప మరో మాట రాసేది కాదు. నాన్న చనిపోవడంతో రెండో ఏడు మధ్యలో చదువు మాన్పించి ఆమెకు పెళ్లి చేశారు. మిగతా వాళ్ల ఫోటోల్లో నల్ల గౌన్లు, పట్టాలు. సగం చదివినదానికి అక్కడ ఏం మాట్లాడాలి? రోజూ ‘26, 27’ అని రెండు నంబర్లు వేసి ఊరుకునేది.

ఇరవై ఆరు తనది. ఇరవై ఏడు గుల్నాజ్‌ది. ఇద్దరూ ఒకే రోజు కాలేజీలో చేరారు. గుల్నాజ్ మనుబోలు నుంచి రావాలి కాబట్టి మొదటి పీరియడు ఎప్పుడూ అందేది కాదు. హాస్టల్లో ఉండే అబిగయీలు తన నంబరుకు మామూలుగా, పక్క నంబరుకు ముక్కుతో, రెండు గొంతులతో పలికేది. మూడు నెలల కిందట గ్రూపులోనే గుల్నాజ్ అబిగయీలుకు ఒక మెసేజి పెట్టింది. “మే, నాకు ఏడో నెల. పొద్దన్నే లెయ్యలేకుండా ఉండాను. కాలేజీలో మాదిరి నా నంబరు కూడా నువ్వే వెయ్యిమే.” అందరూ నవ్వారు. తర్వాత అందరికీ అది అలవాటైపోయింది.

ఆ శనివారం సముద్రం పోటు మీద ఉండి పడవలు పోలేదు. పిచ్చమ్మ ఇంట్లోనే ఉంది. సుశీల్ చద్దన్నం తింటున్నాడు.

“పొద్దన్నే ఏందమ్మే ఆ నొక్కుడు? కలెక్టరమ్మ ఎవురన్నా నీ కోసం కాసుకోనుండాదా?” అంది పిచ్చమ్మ.

“హాజరేస్తా ఉండా అత్తా.”

“చదివేటప్పుడు ఎయ్యాల్సిన హాజరు ఇప్పుడేస్తే ఏం లాబం?”

సుశీల్ ముసిముసిగా నవ్వాడు. ఇంతలో ఫోను మోగింది. ఆనందకుమారి.

“అబీ, రేపు పదింటికి కాలేజీలో మీటింగు, పిల్లకాయల అమ్మానాయనలు గూడా వస్తా ఉండారు. నువ్వు రాకుంటే ఊరుకోను. అది సరే, గుల్నాజ్ వస్తాదా?”

“ఏమో, తెలీదే.”

“తెలీకపోవడమేంది? మనుబోల్లో ఇద్దరు పిల్లకాయల ఇళ్లకి పోయి మాట్లాడతానని అది మేడంకి మాటిచ్చిందిమే. నిన్న వాళ్లకి ఫోన్ చేస్తే, మా ఇంటికెవురూ రాలేదమ్మా అంటా ఉండారు. దానికి చేస్తే ఫోను ఆపేసుండాది. రోజూ దాని హాజరు నువ్వేస్తా ఉండావు, మీరిద్దరూ మాట్లాడుకుంటా ఉంటార్లే అని నేను పట్టించుకోలా. అవునుమే, కాన్పెప్పుడైంది? ఆడబిడ్డా, మొగబిడ్డా?”

తొమ్మిదో నెల ఎప్పుడో దాటిపోయిందని అప్పుడు తట్టింది అబిగయీలుకు.

ఫోను పెట్టేసి గుల్నాజ్‌కు చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. స్విచాఫ్. ఈ మూడు నెలల్లో తను ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. చేయాలనిపించక కాదు. అది డిగ్రీ, బీఈడీ చదివిన మనిషి, తీరిక దొరికినప్పుడు తనే చేస్తుందిలే అనుకుంది. రోజూ ఎదురు చూసింది కూడా. ఎదురు చూస్తూ, రోజూ ‘27’ అని వేస్తూ వచ్చింది.

“నేను మనుబోలు పోవాలయ్యా,” అంది లేచి నిలబడి.

సుశీల్ ముద్ద నోటి దగ్గర ఆపాడు. “ఇప్పుడా? రేపు గుంటలో రొయ్యల పట్టుబడి, నాకు క్షణం తీరదు. పిల్లోడికి చూస్తే జలుబు. యాడికి పోతావు?”

“గుల్నాజ్‌కి ఏమైందో తెలీటంలా.”

“ఆమెకి మొగుడుండాడు, అత్తుంది. నీకెందుకు మధ్యలో? నువ్వేమన్నా వాళ్లతో పాటు పట్టా తీసుకున్నావా? సగంలో మానేసిన కాలేజీ కోసం ఇల్లొదిలిపెట్టి పోతానంటావే!”

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఎన్నడూ గొంతెత్తని అబిగయీలు ఆ పొద్దున అరిచింది. “సగంలో మానేసింది నా అంతట నేనా? పొద్దుగూకులూ ఈ నాలుగ్గోడల మధ్య నేనుంటే మీకు తెలుసునా, పోతే తెలుసునా? ఆ పొద్దన పూట నా నంబరు పక్కన ఒకరు టిక్కు పెడతారే, దాంతో బతుకుతా ఉండా! అట్టాంటిది, గుల్నాజ్ ఉందో లేదో కనుక్కోకుండా మూడు నెలలు రోజూ ఉంది, ఉంది అని నేనే రాసినా. నేను రాసినానని ఎవురూ దాన్ని ఎతకలా.”

పిల్లవాడు బెదిరి ఏడుపు మొదలుపెట్టాడు. సుశీల్ ఏదో అనబోయి తల్లి వైపు చూశాడు. పిచ్చమ్మ ముఖం మారిపోయింది. నేల చూస్తూ మెల్లగా అంది.

“మీ మామ పోయిన రోజు గాలి లేచింది. మూడు పడవల్లో రెండు ఒడ్డుకొచ్చినాయి. మా ఆయన యాడ అనడిగినా. వెనక పడవలో ఉండాడులేమ్మా అన్నాడొకాయన. మంచికే అన్నాడు, నేను ఏడవకూడదని. ఆ పడవ సందకాడ వచ్చింది. దాంట్లో ఆయన లేడు.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ఉండాడులే అన్నారని మధ్యాన్నమంతా ఎవురూ ఎతకలా.”

సుశీల్ కంచం పక్కకు జరిపాడు.

“చీర మార్చుకో పో. పిల్లోడి తలకి టోపీ పెట్టు,” అంటూ పిచ్చమ్మ లేచింది. “అబ్బయా, నువ్వు గుంట కాడికి పో. నేను పోతా దానెంబడి.”

గూడూరులో బస్సు మారి మనుబోలులో దిగేసరికి పన్నెండు దాటింది. గుల్నాజ్‌ను ఇచ్చింది కూడా ఆ ఊళ్లోనే, హైవే వెనక వీధిలో. ఆమె అత్త షాజాదీ బేగం తలుపు తీసింది.

“నేను గుల్నాజ్‌తో చదువుకున్నానండీ. అబిగయీలు.”

ఆ పెద్దావిడ ఆమెను కాళ్ల నుంచి తల దాకా చూసింది. “నువ్వేనా ఇరవై ఆరు?” అని, చెయ్యి పట్టుకుని భోరుమంది.

బిడ్డ పోయి నలభై రోజులైందట. ఆడపిల్ల. పుట్టి రెండు రోజులుంది. గుల్నాజ్ భర్త హబీబ్ లారీ మీద పోతే వారానికొకసారి ఇంటికొస్తాడు. “వచ్చినప్పుడు పక్కనే కూర్చోనుంటాడమ్మా, ఏం మాట్లాడాలో వాడికీ తెలీదు. తినమంటే రెండు మెతుకులు. ఏడవదు గూడా. ఫోను తీసకపోయి బియ్యం డబ్బాలో పెట్టేసింది.”

అబిగయీలు పిల్లవాడిని పిచ్చమ్మకిచ్చి, ఒక్కతే లోపలికి వెళ్లింది. గుల్నాజ్ చాప మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. జడ విప్పి ఎన్నాళ్లయిందో. అడుగుల చప్పుడుకు తల తిప్పి, లేచి కూర్చుంది.

“వచ్చినావా,” అంది, నిన్ననే కలిసినట్టు.

“నాకెందుకు చెప్పలేదుమే?”

“చెబుదామనే ఫోను తీసినా, ఆస్పత్రిలో. పాప పోయిన తెల్లారి.” గుల్నాజ్ గొంతులో ఎత్తుపల్లాలు లేవు. “గ్రూపు తెరిస్తే నా నంబరు పడుండాది. ఇరవై ఏడు. పక్కన టిక్కు, పువ్వు బొమ్మ. నేను యాడుండానో ఎవురికీ తెలీదు, అయినా నేనుండానంట. ఇంక నేను నిజంగా ఉంటే ఏంది, లేకుంటే ఏంది అనిపించింది. ఆపేసినా.”

నాకు తెలీదే అనాలనుకుంది అబిగయీలు. తెలియకపోవడం కాదు, తను అడగలేదు.

“తప్పు నాది,” అంది.

“వెయ్యమనింది నేనే కదా. కానీ నువ్వు ఫోన్ చేస్తావని చూసినా.”

“నువ్వు చేస్తావని నేను చూసినానుమే. పట్టా ఉన్నదానివి, నాతో నీకేం పని అనుకున్నా.”

గుల్నాజ్ ఆమె వైపు వింతగా చూసింది. బయట మాథ్యూ కేరింత వినబడింది. “పిల్లోడా?”

“ఆఁ. మా అత్త కాడుండాడు.”

“లోపలికి తేలేదే? నా దిష్టి తగుల్తాదనా?”

“కాదుమే! వాణ్ని చూస్తే నీకు కష్టంగా ఉంటాదని...”

“కష్టంగా ఎప్పుడు లేదు? తే.”

పిచ్చమ్మ వాణ్ని తెచ్చి చాప మీద దించింది. గుల్నాజ్ ఎత్తుకోలేదు, ముట్టుకోలేదు. వాడే పాక్కుంటూ వెళ్లి, ఆమె మోకాలు పట్టుకుని లేచి నిలబడి, చెంప మీద చేత్తో తట్టాడు. గుల్నాజ్ అబిగయీలు ఒళ్లో తల పెట్టి, ఇల్లంతా వినబడేలా ఏడ్చింది. గుమ్మంలో నిలబడ్డ షాజాదీ బేగం, “ఏడువమ్మా, ఏడువు, నలభై రోజులకి,” అంటూ తనూ ఏడ్చింది. పిచ్చమ్మ ఎవరినీ అడగకుండా వంటింట్లోకి వెళ్లి కొబ్బరినూనె వెతికి తెచ్చి, గుల్నాజ్ వెనక కూర్చుని, ఆ జడ చిక్కు తీయడం మొదలుపెట్టింది.

మూడు గంటలకు, గుల్నాజ్‌ను అడిగి, అబిగయీలు గ్రూపులో మొదటిసారి గొంతు రికార్డు చేసి పెట్టింది. జరిగినదంతా చెప్పింది. తర్వాత ఆనందకుమారి రాసింది. “రేపు మీటింగయ్యాక అక్కడికే వస్తాం. దాన్నేమీ అడగం. ఊరికే కూర్చుంటాం.” షాజాదీ బేగం కబురు చేస్తే, సోమవారం గుల్నాజ్‌ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానని హబీబ్ లారీలోంచే ఫోన్ చేసి చెప్పాడు.

తిరుగు బస్సులో మాథ్యూ నిద్రపోయాడు. సరుగుడు తోపులు వెనక్కి పోతుంటే అబిగయీలు తన భయం మొదటిసారి పిచ్చమ్మకు చెప్పింది. నవ్వుతుందనుకుంది. పిచ్చమ్మ నవ్వలేదు.

“అందుకా పగలంతా తలుపు తీసి పెట్టుకుంటావు! దొంగలొస్తారని ఎన్నిసార్లు తిట్టుంటానో.” మాథ్యూ టోపీ సరిచేసింది. “రోజూ మధ్యాన్నం ఫోన్ చేస్తాలేమ్మే. నువ్వు ఎత్తకపోతే బుట్ట ఆడనే పడేసి ఆటో ఎక్కుతా.”

అబిగయీలు చేపల వాసన వేసే ఆ భుజం మీద తల ఆనించింది. వాకాడులో బస్సు దిగేసరికి సుశీల్ బండి వేసుకుని నిలబడి ఉన్నాడు. గుంట దగ్గర నుంచి అలాగే వచ్చినట్టున్నాడు, కాళ్లకు బురద. పిల్లవాడిని అందుకుంటూ, “ఎట్టుందా అమ్మాయి?” అన్నాడు. తర్వాత చాలా చిన్న గొంతుతో, “రేపు కాలేజీకి పో. పిల్లోణ్ణి అమ్మ చూసుకుంటాదిలే,” అన్నాడు.

గుల్నాజ్‌కు ఒక్క రోజులో అంతా బాగైపోలేదు. ఇప్పటికీ కొన్ని పొద్దులు చాప మీద నుంచి లేవదు. కానీ ఆగస్టులో ఒక రోజు తనంతట తనే చెప్పులేసుకుని, మాటిచ్చిన రెండు ఇళ్లకూ వెళ్లింది. ఒక ఇంట్లో పిల్లకు అప్పటికే పెళ్లి కుదిరిపోయింది. రెండో పిల్లను వెంటబెట్టుకుని వెళ్లి కాలేజీలో చేర్పించింది. గ్రూపులో ఇప్పుడు నంబర్లు వేయడం లేదు. రోజుకొకరు ఇంకొకరికి ఫోన్ చేసి, గొంతు విని, విన్నామని చెబుతారు.

ఈ కథ చదివిన మీకూ ఒక గ్రూపు ఉండే ఉంటుంది. అందులో రోజూ దండం బొమ్మో, పువ్వు బొమ్మో పెట్టి ఊరుకునే మనిషి ఒకరుంటారు. లేదా, బాగానే ఉన్నారులే అని వేరేవాళ్లు చెబితే మీరు నమ్మేసిన మనిషి. ఈ రోజు వాళ్లకొకసారి ఫోన్ చేయండి. వాళ్ల గొంతు మీ చెవులతో మీరు వినండి. ఎత్తకపోతే, దయచేసి, బస్సెక్కండి.