ఇంకొకరు వస్తారు

"రెండు కాఫీలు ఎవరు అడిగారు?" అంది ఆమె.

"ఇంకొకరు వస్తారన్నారుగా," అన్నాడతను.

"వచ్చాక అడుగుతాను కదండీ. ఈలోగా చల్లారిపోతే ఎవరు తాగుతారు?"

"వేడిది ఇంకొకటి ఇస్తాను. కాఫీకేం లోటు?"

ఆమె ఎదురు కుర్చీ వైపు చూసింది. అందులో ఆమె సంచీ ఉంది. "ఆలస్యమవుతుందేమో," అని తల వంచుకుని ఆమ్లెట్టు తినసాగింది. అతను రెండో కప్పు వెనక్కి తీసుకుపోయాడు. ఆ రోజు ఎవరూ రాలేదు.

బస్టాండు ఎదురుగా ఉన్న ఆ కొట్టులో బల్లలు కొన్నే. వెనక వంటగదిలో అమ్మ వండుతుంది, ముందు అతను కాఫీ కలుపుతాడు. గింజలు తనే వేయిస్తాడు, తనే పొడి చేస్తాడు. ఆమె నెలకోసారి ఆ ఊరి ఆసుపత్రికి వచ్చేది. చిన్న పెట్టె ఒకటి మోసుకొచ్చి, పిల్లల చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, ఎవరికి ఎంత వినిపిస్తోందో పరీక్షించేది. కొట్టులో అందరూ ఆమెను చెవుల డాక్టరమ్మ అనేవారు. "నేను డాక్టర్ని కాదండీ," అని ఆమె ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చెవిన పెట్టలేదు.

"ఇంత చిన్న కొట్టు మీకెలా దొరికింది?" అని ఒకసారి అడిగాడు.

"ఏ ఊరు వెళ్లినా ముందు బస్సు డ్రైవర్లు ఎక్కడ తింటున్నారో చూస్తాను. వాళ్లకి రోజూ బయటి తిండే కదా, కడుపు పాడుచేసే చోటికి రెండోసారి వెళ్లరు. తర్వాత గుమ్మంలో నిలబడి కాఫీ వాసన చూస్తాను. మాడు వాసన వస్తే వెనక్కి తిరుగుతాను. రంగు బొమ్మల మెనూ కార్డు కనిపిస్తే అసలు గడపే తొక్కను."

"మాకు మెనూ కార్డే లేదు."

"అందుకే వచ్చాను."

పక్క బల్ల దగ్గర డ్రైవర్ బాబాయి గొంతు సవరించుకున్నాడు. "ఏరా అబ్బాయ్, ఆవిడ కప్పులో ఉన్న ఆ నురగేదో మా కప్పులో ఎప్పుడూ కనపడదేం?"

"నీకు బస్సు టైమవుతోంది బాబాయ్."

"బస్సుకి నా టైము కావాలిగానీ నాకు దాని టైమెందుకురా. నేనెక్కితేనేగా అది కదిలేది."

ఆమె నవ్వు ఆపుకోవడానికి కప్పు ఎత్తింది. ఆ నవ్వు అతనికి మళ్లీ నెల దాకా సరిపోయింది.

కానీ వచ్చిన ప్రతిసారీ ఆమె సంచీని ఎదురు కుర్చీలో పెట్టేది. ఎవరైనా ఆ కుర్చీ మీద చెయ్యి వేస్తే, "ఇంకొకరు వస్తారు," అనేది. ఆ ఇంకొకరు ఏనాడూ రాలేదు. ముఖం చూడని ఆ మనిషి మీద అతనికి కోపం పెరిగింది. ఇలాంటి అమ్మాయిని ఇన్నాళ్లు ఎదురుచూసేలా చేసేవాడు ఎలాంటివాడో. ఒకవేళ వస్తే? ఆ ఆలోచన ఇంకా కష్టంగా ఉండేది.

అమ్మ కూడా గమనించింది. అమ్మకు చెవుడు. సంగతి అడిగితే అతను అరిచినంత పని చేసి చెప్పాడు.

"పాపం," అంది అమ్మ. "నేను అడుగుతాలే. ఆయన కాదనడు."

అమ్మ అడిగేది దేవుణ్ణే. రోజూ పొయ్యి వెలిగించే ముందు కళ్లు మూసుకుని నిలబడుతుంది. తను మనసులోనే ప్రార్థిస్తున్నానని ఆమె నమ్మకం. తన గొంతు తనకు వినపడదు గనక అది వీధి దాకా వెళుతుందని తెలియదు. దేవుడితో మాట్లాడుతున్న తల్లిని గొంతు తగ్గించమని ఏ కొడుకు చెప్పగలడు?

అమ్మ వెనకే అతనూ కళ్లు మూసుకునేవాడు. ఆ మనిషి రావాలని అడగడానికి మనసు ఒప్పేది కాదు. రాకూడదని అడగడానికి భయం వేసేది. ఒకే గదిలోంచి, ఒకే వేళకి, ఒకదానికొకటి పొసగని కోరికలు రెండు పైకి వెళితే ఆయన దేన్ని ఆలకిస్తాడు? పెద్దలు ఏం చెబుతారోగానీ నాకు తెలియదు. అతనికీ తెలియక, ఏమీ అడగకుండానే నిలబడేవాడు.

ఒక నెల ఆమె మామూలు కంటే పెందలాడే వచ్చింది. వాన కురుస్తోంది. తడిసిన సంచీని కుర్చీలో పెట్టింది. అతను కాఫీ తెచ్చి బల్ల మీద ఉంచాడు. అప్పుడు వంటగదిలోంచి అమ్మ గొంతు వినబడింది.

"తండ్రీ, ఆ చెవుల డాక్టరమ్మ ఎవరికోసం కళ్లు కాయలు కాచేలా చూస్తోందో, ఆ మనిషిని ఇవాళైనా పంపించు. బంగారంలాంటి పిల్ల, కుర్చీకి సంచీని కాపలా పెట్టుకుని ఒక్కతే తింటోంది. నా వాడికి ఇంకో ఏడు పెళ్లి కాకపోయినా సరే, ముందు ఆ పిల్ల సంగతి చూడు."

ఆమె చేతిలోని చెంచా ఆగిపోయింది.

"అమ్మగారు ఎప్పుడూ ఇలాగే..."

"రోజూ. గట్టిగా అంటోందని తనకి తెలియదు. ఏమీ అనుకోకండి."

ఆమె చెంచా కింద పెట్టింది. "ఎవరూ లేరండీ," అంది. "ఎవరూ రారు. ఆడమనిషి ఒక్కతే కూర్చుని తింటుంటే అందరూ చూస్తారు. ఏం తింటోంది, ఎవరి తాలూకు, ఎందుకొచ్చింది అని. ఇంకొకరు వస్తారంటే చూపు తిప్పుకుంటారు. ఏదో ఊళ్లో మొదలుపెట్టాను, నోటికి అలవాటైపోయింది. ఇక్కడ అనాల్సింది కాదు. ఇక్కడ నన్నెవరూ అలా చూడలేదు."

అతని గుండె తేలికైంది. కానీ నోటికి వచ్చిన మాట వేరు. "మరి ముందే చెప్పొచ్చుగా. అమ్మ రోజూ మీకోసం అంతలా వేడుకుంటుంటే..."

మాట బయటపడ్డాక గానీ అది ఎంత బరువుగా ఉందో అతనికి తెలియలేదు. ఆమె లేచింది. "నిజమే. అమ్మగారిని మోసం చేశాను," అని సంచీ భుజాన వేసుకుని వానలోకి వెళ్లిపోయింది. కాఫీ ముట్టుకోలేదు.

మరుసటి నెల ఆసుపత్రికి ఆ పెట్టె పట్టుకుని ఎవరో పెద్దమనిషి వచ్చాడు. కబురు తెచ్చింది డ్రైవర్ బాబాయే.

"ఆ అమ్మాయి ఈ ఊరు వద్దని మార్పించుకుందటరా. మా బస్సు వెళ్లే ఆఖరి ఊళ్లో ఉంది, నిన్న చూశాను. రేపు అక్కణ్ణించి కూడా వెళ్లిపోతుందట. ఎక్కడికో అడగలేదు. అడగాల్సింది నేను కాదుగా."

అతను వంటగదిలోకి వెళ్లి అమ్మకు అంతా చెప్పాడు. గట్టిగా చెప్పాలి గనక దాచడానికి ఏమీ మిగలలేదు, తన మనసుతో సహా.

"అయితే అబద్ధమా?" అంది అమ్మ.

"అబద్ధమే."

అమ్మ గరిటె పక్కన పెట్టింది. "ఎన్ని ఊళ్లలో ఒక్కతే తిందో," అంది. తర్వాత కొడుకు వైపు చూసింది. "నిలబడ్డావేం? బాబాయి బస్సు తీసేస్తాడు."

కొట్టు మూసి బస్సెక్కాడు. పదిమందికి పెట్టే చెయ్యేగానీ, పరాయి ఊళ్లో ఒంటరిగా తినడం అతను ఎరగడు. ఆసుపత్రిలో ఆమె భోజనానికి బయటికి వెళ్లిందన్నారు. ఎదురుగా కనిపించిన హోటల్లోకి తొంగి చూశాడు. "ఒక్కరేనా?" అన్నాడు వడ్డించే కుర్రాడు. బల్లల దగ్గరున్న వాళ్లంతా తలెత్తారు.

"ఇంకొకరు వస్తారు," అన్నాడతను.

తన నోట ఆ మాట విని తనే నివ్వెరపోయాడు. మగవాడు, కండలున్నవాడు, ఒక్క చూపుకే ఇంత ఇరుకున పడ్డాడు. ఆమె ఎన్ని చూపులు దాటుకుని వచ్చి తన కొట్లో కూర్చుందో.

బయటికి వచ్చి వీధులు తిరిగాడు. ఖాకీ చొక్కాల డ్రైవర్లు ఒక సందులోకి మళ్లుతుంటే వాళ్ల వెనకే వెళ్లాడు. ఆ సందులో ఒక గుమ్మం దగ్గర ఆగి వాసన చూశాడు. మాడు లేదు. లోపల గోడవారగా ఆమె ఉంది, ముందు సూపు గిన్నె, బ్రెడ్డు ముక్కలు.

అతను పక్కనే నిలబడ్డాడు. "కాఫీ ఎలా ఉందిక్కడ?"

ఆమె ఉలిక్కిపడింది. "తాగొచ్చు."

"మాదానికంటే బాగుందా?"

"అబద్ధాలు మానేశాను. మీదే బాగుంటుంది." ఆమె అతని వెనక గుమ్మం వైపు చూసింది. "కొట్టు?"

"మూసి వచ్చాను. ఆ రోజు తప్పు మాట అన్నాను. అనాల్సింది ఒకటే ఉంది, అది అనలేదు. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె చేతిలోని బ్రెడ్డు ముక్క పక్కన పెట్టింది. "నేను తిరగడం మానలేనండీ. వినపడని పిల్లల్ని మొద్దులని కొడుతుంటారు. ఎవరో ఒకరు వెళ్లి చూడాలి."

"మానమని ఎవరన్నారు? నేను కొట్టు మానతానా? వెళ్లిరండి. తిరిగొచ్చేది మా ఇంటికైతే చాలు."

"అమ్మగారికి ఏ ముఖం చూపించను?"

అతను ఫోను తీసి ఇంటికి కలిపాడు. అమ్మ గొంతు ఫోనులోంచి హోటలంతా వినబడింది.

"కనబడిందా? ముందిది చెప్పు, ఆ పిల్ల తిందా?"

బల్లల దగ్గర చెంచాల చప్పుడు ఆగింది. అందరూ ఇటే చూస్తున్నారు. అతను ఫోనును ఆమె వైపు చాపాడు.

"ఏమిట్రా, గట్టిగా చెప్పు," అంటోంది అమ్మ.

ఆమె ఆ చూపులన్నింటినీ ఒకసారి చూసింది. ఫోను అందుకుంది. మూల బల్ల దాకా వినిపించేలా గొంతెత్తి చెప్పింది.

"తింటున్నాను అత్తయ్యా. మీ అబ్బాయే ఇంకా ఏమీ తినలేదు."