పదకొండు గంటల ఇంజెక్షన్

"ఉమాపతి నోరు విప్పేదాకా బతికుండాలి. అదే నీ అసైన్‌మెంట్," అన్నాడు చీఫ్ భూషణం.

ఉమాపతి నాచారంలో రాడార్ విడిభాగాల ఫ్యాక్టరీ ఇంజనీరు. బ్లూప్రింట్లు విదేశీ ముఠాకు అమ్ముతున్నదెవరో కనిపెట్టాడు. ఆ పేరు చెప్పడానికి బయలుదేరినవాణ్ణి అన్నోజిగూడ దగ్గర లారీ గుద్దింది. తలకు దెబ్బ, ఆపైన ఫిట్స్. ఇప్పుడు ఉప్పల్‌లో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో ఉన్నాడు.

"గన్ ఇస్తారా సార్?" అడిగింది సత్యవేణి. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంటుకు రాకముందు ఆమె నాలుగేళ్లు నర్సుగా చేసింది.

చీఫ్ గన్ ఇవ్వలేదు. నర్సులు గుండెల మీద తగిలించుకునే వాచీ ఇచ్చాడు. "కీ నొక్కితే బయట వ్యానులో మనవాళ్లకు సిగ్నల్. లోపల తారామణి ఉంటుంది. ముఠాలో చేరి మనకు పనిచేస్తోంది."

మర్నాడు ఉదయం నర్సుగా వెళ్లిన సత్యవేణికి హెడ్ సిస్టర్ వేషంలో తారామణి ఎదురైంది. తెల్లచీరలోనూ కళ్లు తిప్పుకోనివ్వని అందం.

"చెంగిచెర్ల బస్సు వెళ్లిపోయిందా?" అడిగింది సత్యవేణి.

"పంక్చరైంది."

కోడ్ కలిసింది. సత్యవేణి ఊపిరి పీల్చుకుంది.

"పదకొండుకు ఫినోబార్బిటాల్. ఇవ్వకపోతే ఫిట్స్ తిరగబెడతాయి. నువ్వే ఇవ్వు," అంది తారామణి.

పేషెంటు పేరు, మందు, మోతాదు చార్టుతో సరిచూసుకుంది సత్యవేణి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సిరంజి నింపి మంచం దగ్గర ఆగింది. ఫిట్స్‌ను ఆపే ఆ మందే మోతాదు మించితే ఊపిరినీ ఆపేస్తుంది. ముందు నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి.

ఏడు... ఎనిమిది... తొమ్మిది. నిమిషం అయిపోయింది.

పన్నెండుకు తగ్గితే సూది వెయ్యకూడదు. భుజం తట్టి పిలిచింది. ఉమాపతి పలకలేదు. చొక్కా చెయ్యి పైకి జరిపింది. జబ్బ మీద ఇంకా తడారని రక్తపు చుక్క! చార్టులో ఎక్కని సూది ఎవరో ముందే వేసేశారు. ఇప్పుడు రెండోది తన చేత్తోనే...

సత్యవేణి సిరంజి కిందికి దించింది. వెనక గడియ పడిన చప్పుడు.

"ఆలస్యమెందుకు?" తారామణి గొంతు. "నువ్వు ఏజెంటువా, నర్సువా?"

"ఈ గదిలో నర్సునే." వాచీ కీ నొక్కింది.

తారామణి సిరంజి లాక్కుని ఉమాపతి జబ్బకు గురిపెట్టింది. సత్యవేణికి ఏం చెయ్యాలో తోచలేదు. అరచెయ్యి అడ్డం పెట్టింది. సూది అందులో దిగింది. తారామణి వేలు పిస్టన్ మీద పడేలోపే చెయ్యి విదిలించింది. సిరంజి గోడకు తగిలి ముక్కలైంది. అదే క్షణంలో తలుపు విరిగింది.

వ్యానులోని మనుషులు తారామణిని పట్టుకుంటున్నారు. సత్యవేణి అటు చూడలేదు. ఉమాపతి గడ్డం పైకెత్తి పట్టుకుని, "డాక్టర్‌ను పిలవండి! ఆక్సిజన్!" అని అరిచింది. ఆక్సిజన్ వచ్చినా లెక్కపెట్టడం మానలేదు. ఎనిమిది. తొమ్మిది. చాలాసేపటికి పదకొండు.

సాయంత్రానికి పదహారు. ఉమాపతి కళ్లు తెరిచి చీఫ్ చెవిలో ఆ పేరు చెప్పాడు. తర్వాత సత్యవేణి చేతి కట్టు చూసి అడిగాడు:

"ఏమైంది సిస్టర్?"

"సూది గుచ్చుకుందండీ."

అతను మత్తులోనే ఆ కట్టు వైపు వేలు చూపించాడు.

"ఫిట్స్ వచ్చింది నాకు గద? మరి సూది మీకేసిన్రేంది?"