పొరుగుదీపం

ఆ ఉదయం స్వరూప తలుపు మీది పొరుగుదీపం అప్పటికి మూడోసారి ఎర్రబడింది. పళ్లు తోముకుంటున్నది కాస్తా గబగబా నోరు పుక్కిలించి, చున్నీ భుజాన వేసుకుని, పక్క గది తలుపు తట్టింది. లోపలినుంచి ఒక పడుచు పిండి చేతులతో వచ్చి, "బతికే ఉన్న అక్కా. ఇంకోసారి కొట్టినవంటే మాత్రం నిజంగనే సచ్చిపోత" అని విసుక్కుని తలుపు వేసుకుంది.

ఐదో బాయి బొగ్గుగని కాలనీలో మనుషులు నేల కింద బతకడం మొదలై పంతొమ్మిదేళ్లయింది. పైన ఎండ యాభైనాలుగు డిగ్రీలు దాటాక, బొగ్గు తీసేసిన పాత సొరంగాలను గదులుగా కట్టి, ఫ్యాన్లతో గాలి పంపి, నాలుగు వేల మందిని అందులోకి దించారు. కింద గాలి ఎప్పుడు ఏ మూల చెడుతుందో చెప్పలేం కనుక ప్రతి గది గోడకూ ఒక శ్వాసమాపకం పెట్టారు. గదిలో గాలి ఎలా ఉందో, మనిషి ఊపిరి ఎలా ఆడుతోందో అది కనిపెడుతుంది. ఆ మాపకాలన్నిటినీ నిమిషానికోసారి పలకరించే ప్రోగ్రాం పేరు కావలి. ఏ మాపకమైనా గాలి చెడిందని చెప్పినా, అసలు బదులే ఇవ్వకపోయినా, పక్క గది తలుపు మీద పచ్చగా ఉండే పొరుగుదీపాన్ని కావలి ఎర్రగా మారుస్తుంది. ఆ గదివాళ్లు వెంటనే వెళ్లి చూడాలి. అది కాలనీ నియమం.

కావలి ఏ ఒక్కరి సొత్తూ కాదు. దాని మూలం, అంటే ప్రోగ్రాం పంక్తులన్నీ, అందరికీ తెరిచే ఉంటుంది. ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాశారు. ఎవరైనా చదవచ్చు, దిద్దవచ్చు. అయితే ఒకరు దిద్దినదాన్ని మరొకరు చూసి ఒప్పుకున్నాకే అమల్లో పెట్టాలి. రాసినవాళ్లలో కొందరు చనిపోయారు, కొందరు విసిగి మానుకున్నారు. రెండేళ్లుగా దాన్ని పట్టించుకుంటున్నది స్వరూప ఒక్కతే. 'చూసినవారు' అన్న గడిలో కూడా తన పేరే రాసుకునేది.

ఆ పూటే ఫ్యాన్లు చూసుకునే మొగిలి ఆమె పనిగదికి వచ్చాడు.

"నిన్న ఒక్కదినమే నూట పన్నెండు ఎర్ర దీపాలు, స్వరూపక్కా. అన్నీ ఉత్తయే. జనం దీపాలకు గుడ్డలు కట్టుకుంటున్రు. రేపు నిజంగ గాలి చెడితే ఎవడు లేస్తడు?"

అతను చెప్పింది నిజమే. స్వరూప నాలుగు రోజులు కూర్చుని తప్పు పట్టుకుంది. తీగల అతుకుల్లో బొగ్గు దుమ్ము చేరడంతో మాపకాల జవాబు కొద్ది క్షణాలు ఆలస్యంగా వస్తోంది. అంతసేపు కావలి ఆగడం లేదు. ఆ జవాబులను మోసుకొచ్చేందుకు ప్రతి గదుల వరుసకూ ఒక దూతపెట్టె ఉంది. మాపకం ఆలస్యం చేస్తే, అది అంతకుముందు ఇచ్చిన జవాబునే దూతపెట్టె అప్పటికి అందించేలా స్వరూప రాసింది. అలా వరసగా పదిసార్లు జరిగితేనే దీపం ఎర్రబడాలి. మొత్తం పంతొమ్మిది పంక్తులు. 'చూసినవారు' గడిలో ఎప్పటిలాగే తన పేరు పెట్టింది.

మర్నాటి నుంచి ఉత్త దీపాలు లేవు. వారం తిరిగేసరికి జనం గుడ్డలు విప్పేశారు. వరుసల్లో ఎదురైనవాళ్లు స్వరూపను ఆపి మరీ, "సల్లగ ఉండు బిడ్డా" అన్నారు. చాలా ఏళ్ల తర్వాత ఆమె కూడా తెల్లారేదాకా కంటినిండా నిద్రపోయింది.

నలభై రోజులకు ఓదెలు సంగతి బయటపడింది.

ఓదెలు ఏడో వరుసలో ఒంటరిగా ఉండేవాడు. డెబ్బైరెండేళ్లు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. వారం రేషన్ సంచి తీసుకోకపోతే, ఇచ్చిపోదామని మొగిలి వెళ్లాడు. తలుపు తీస్తే ఓదెలు నేల మీద చనిపోయి ఉన్నాడు. సంచి అక్కడే వదిలేసి డాక్టరమ్మ కోసం పరిగెత్తాడు.

తూలి పడబోతూ ఓదెలు గోడకున్న మాపకాన్ని పట్టుకున్నట్టున్నాడు. అది ఊడి కింద పగిలి ఉంది. అతని తుంటి విరిగింది. ఆరు రోజుల కిందట పడ్డాడనీ, ఆ తర్వాత మూడు రోజుల దాకా ప్రాణం ఉందనీ డాక్టరమ్మ చెప్పింది. చేతిలో స్టీలు గ్లాసు ఉంది. దాని అంచు సొట్టలు పడింది. ఎదుట గోడ మీద జానెడు మేర సున్నం రాలిపోయింది.

స్వరూప పరుగున వెళ్లి కావలిని తెరిచింది. ఓదెలు గది ఆ ఆరు రోజులూ పచ్చగానే ఉంది. పగిలిన మాపకం ఒక్కసారీ పలకలేదు. దూతపెట్టె మాత్రం అతని చివరి మంచి ఊపిరినే నిమిషం నిమిషానికీ అందిస్తూ వచ్చింది. ఆ పాత జవాబును కావలి కొత్త జవాబుగా లెక్కపెట్టింది. అలా వచ్చిన ప్రతిసారీ లెక్క మళ్లీ సున్నాకు వెళ్లింది. పది ఎప్పటికీ కాలేదు. మరో మనిషెవరైనా ఆ పంతొమ్మిది పంక్తులు చదివి ఉంటే ఈ సంగతి కనిపించేదేమో.

ఓదెలు పక్కగదిలో లచ్చవ్వ ఉంటుంది. స్వరూప ఆమె దగ్గరకు వెళ్లింది. నేల మీద కూర్చుని చేసిన తప్పంతా చెప్పింది. "నా వల్లనే పోయిండవ్వా" అంది.

లచ్చవ్వ గొంతు తగ్గించి చెప్పింది.

"నాకు సప్పుడు వినబడ్డది బిడ్డా. టక్, టక్ అని. రెండు దినాలు విన్న. లేసి తలుపు దాక పోయిన గూడ. దీపం దిక్కు చూస్తే పచ్చగ ఉన్నది. ఏదో మేకు కొడుతున్నడేమో అనుకున్న. మళ్లొచ్చి పండుకున్న."

లచ్చవ్వ ఓదెలు గది వైపు గోడను చూస్తూ మళ్లీ అందుకుంది.

"ఇదివరకు దినానికి రెండు మూడు సార్లు ఎర్రగయ్యేది గద. తిట్టుకుంటనే పోయేదాన్ని. 'ఉన్నవా ఓదెలూ' అంటే 'ఉన్న, రా, చాయ్ తాగు' అనేటోడు. ఒకసారి జరమొచ్చి పడుంటే నేనే చూసిన. ఆ దీపం ఆగినంక నలభై దినాల్ల నేను ఆ గడప తొక్కలే. పిలువలేదు గద, ఎందుకు పోవాలె అనిపించింది."

ఆ నలభై రోజుల ముందటి లెక్కలు స్వరూపకు కంఠతా వచ్చు. ఏడో వరుసలో లచ్చవ్వ వెళ్లిన ప్రతిసారినీ, ఆ జ్వరం రోజుతో సహా, తాను 'తప్పుడు హెచ్చరిక' అనే పద్దులోనే వేసింది.

ఆ సాయంత్రమే లోపాన్ని సరిదిద్దింది. నాలుగు పంక్తులు పట్టింది. ఈసారి మొగిలిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క పంక్తీ అతనికి అర్థమయ్యేదాకా చెప్పింది. రెండుచోట్ల అతను అడ్డం పడి అడిగితే అక్కడ మళ్లీ రాసింది. ఆ తర్వాతే అతని పేరు రాయించింది. ఇద్దరూ వెళ్లి ఒక పాత మాపకం తీగ పీకి చూశారు. పదో నిమిషానికి పక్క దీపం ఎర్రబడింది.

మర్నాడు పొద్దున ఆ మాట చెప్పడానికి లచ్చవ్వ దగ్గరకు వెళ్లింది.

"ఇగ అట్ల కాదవ్వా. మాపకం పలకకుంటే దీపం తప్పకుండ వెలుగుతది."

"పచ్చగ ఉంటే?"

"పచ్చగ ఉంటే బాగున్నట్టే..." అని ఆగిపోయింది స్వరూప. ముందురోజు వరకూ ఇదే మాటను ఎంతమందికి ఎంత ధీమాగా చెప్పిందో గుర్తొచ్చింది. "అయినా పోయి చూడాలె అవ్వా."

"అది నాకు ఆ దినం గూడ తెలుసు బిడ్డా" అంది లచ్చవ్వ. "చెవులు విన్నయ్. కండ్లు దీపం దిక్కే చూసినయ్."

దానికి రాసే దిద్దుబాటు ఏదీ స్వరూపకు తెలియదు. లచ్చవ్వ తన మంచాన్ని గోడవైపు లాగబోతుంటే, లేచి ఒక చెయ్యి వేసింది. గోడవతల ఓదెలు గది ఖాళీగానే ఉంది, అందులోకి ఇంకా ఎవరినీ పంపలేదు. అయినా లచ్చవ్వ తన మంచాన్ని తల ఆ గోడకు ఆనేలా వేయించుకుంది.